థార్ ఎడారికి ఏ నెలలో వెళ్లాలి?

రాజస్థాన్‌లోని జైసల్మేర్‌ను, దాని చుట్టూ ఉన్న థార్ ఎడారిని చూడదలచినవారు నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు గల కాలాన్ని ఎంచుకోవడం మేలు. మే, జూన్ నెలల్లో అక్కడ పగటి ఉష్ణోగ్రత తరచు 45 డిగ్రీలకు చేరడమే కాక దుమ్ము తుపానులు కూడా రేగుతాయి కనుక, పిల్లలను, పెద్దవారిని వెంటబెట్టుకొని వేసవి సెలవుల్లో బయలుదేరవద్దని నా మనవి.

సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవారు రాత్రి చలిని తక్కువగా అంచనా వేయకూడదు. గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు తక్కువగా ఉండటం వల్ల, పగలు వేడెక్కిన ఇసుక సూర్యాస్తమయం కాగానే ఆ వేడిని త్వరత్వరగా కోల్పోతుంది. మధ్యాహ్నం హాయిగా ఎండ కాసిన చోటే తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తక్కువకు పడిపోవడం జనవరిలో సాధారణం. సమ్ ఇసుక తిన్నెల వద్ద గుడారాల్లో బస చేసేటప్పుడు, మన కోస్తా జిల్లాల శీతకాలానికి అలవాటుపడిన వారికి ఒక్క శాలువా ఎంతమాత్రం చాలదు.

మాఘ పౌర్ణమి ప్రాంతంలో జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం జరుగుతుంది కాబట్టి, ఆ రోజుల్లో వెళ్లదలిస్తే బసను చాలా ముందుగా ఖాయం చేసుకోవాలి. రద్దీ వద్దనుకునేవారికి నవంబరు చివరి వారాలే ఉత్తమమని నా అభిప్రాయం. ఫలోదీ సమీపంలోని ఖీచన్ గ్రామానికి వలస వచ్చే కొంగల గుంపులను కూడా అప్పుడు చూడవచ్చు.