హెచ్4 మీద టెక్సాస్ వచ్చారా? చదువు ఒక్క క్లాసుతో మొదలుపెట్టండి

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో కాపురం పెట్టిన నెలలోపే ఎవరో ఒకరు అనేస్తారు: "ఖాళీగా ఎందుకు, ఎమ్మెస్ చేసెయ్యరాదూ?" మంచికే అంటారు. నాకూ అన్నారు. అప్పటికి నేను పుస్తకం ముట్టుకుని ఎనిమిదేళ్ళయింది. ఎమ్మెస్ జోలికి పోకుండా ముందు కమ్యూనిటీ కాలేజీలో (స్థానికుల కోసం నడిచే చవక కాలేజీ) ఒకే ఒక్క క్లాసు తీసుకున్నాను. మీకూ అదే చెబుతాను.

హెచ్4 మీద, అంటే హెచ్1బీ మీద పనిచేసేవారి భార్యకో భర్తకో వచ్చే వీసా మీద, చదువుకోవచ్చు. ఐ-20 (విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) అక్కర్లేదు, ఎఫ్1కి, అంటే విద్యార్థి వీసాకి, మారాల్సిన పనీ లేదు. సెమిస్టర్‌కి ఒక క్లాసు తీసుకున్నా అడిగేవాళ్ళు లేరు. ఎఫ్1లో అలా కుదరదు, బ్యాచిలర్స్ స్థాయిలో సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు (సుమారు నాలుగు క్లాసులు) మోయాలి. అయితే ఎఫ్1 వాళ్ళకి చదువయ్యాక 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల) కోర్సులైతే ఇంకో 24 నెలలు దొరుకుతుంది. హెచ్4లో ఉండి చదివితే ఆ ఓపీటీ లేదు, జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ కూడా చెయ్యకూడదు. మీవారికో మీ ఆవిడకో ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే హెచ్4 ఈఏడీకి (పని చేసుకునే అనుమతి కార్డు) అప్లై చేసుకోవచ్చు. 2015 నుంచి ఆ వీలుంది. అది చేతికొస్తే ఎఫ్1 గొడవే లేదు. లేదంటే ఏం చదవాలో తేలాక మారండి. కానీ చివరి సెమిస్టర్ దాకా నాన్చకండి, స్టేటస్ మారడానికి నెలలు పట్టొచ్చు.

ఇక ఫీజు. కమ్యూనిటీ కాలేజీలో మీ కౌంటీవాళ్ళకి ఒక రేటు, పక్క కౌంటీవాళ్ళకి ఇంకో రేటు, బయటి రాష్ట్రంవాళ్ళకి మరో రేటు. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. రోడ్డుకి ఇటు అపార్ట్‌మెంట్ తీసుకుంటే కాలిన్ కాలేజీలో (కాలిన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ) ఒక ఫీజు, అటు తీసుకుంటే ఇంకో ఫీజు! లీజు సంతకం చేసేముందు కౌంటీ చూసుకోండి. టెక్సాస్‌లో హెచ్4 వాళ్ళు కూడా 12 నెలలు ఇక్కడే స్థిరంగా ఉన్నట్టు చూపిస్తే ఇన్-స్టేట్ ఫీజుకి (రాష్ట్రంవాళ్ళకుండే తక్కువ రేటు) అర్హులే. అందుకే లీజులో, బ్యాంకు ఖాతాలో మొదటిరోజు నుంచే మీ పేరు కూడా ఉండేలా చూడండి. అన్నీ ఒకరి పేరునే పెట్టుకునే మన అలవాటు ఇక్కడ డబ్బు ఖర్చు పెట్టిస్తుంది. ఫాఫ్సా (కేంద్ర ప్రభుత్వ విద్యా సాయం దరఖాస్తు) ద్వారా వచ్చే సాయం మాత్రం హెచ్4 వాళ్ళకి రాదు.

సర్టిఫికెట్ల దగ్గర నేను దెబ్బతిన్నాను. ఒరిజినల్ డిగ్రీ, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో అన్నీ మోసుకొచ్చాను గానీ ట్రాన్‌స్క్రిప్టులు (యూనివర్సిటీ ధ్రువీకరించి ఇచ్చే మార్కుల పత్రం) తెచ్చుకోలేదు. మన డిగ్రీ ఇక్కడి దేనికి సమానమో తేల్చే ఇవాల్యుయేషన్ వాళ్ళకి అవి యూనివర్సిటీ నుంచి నేరుగా, సీలేసిన కవర్లో కావాలిట. మా నాన్న మూడుసార్లు యూనివర్సిటీ చుట్టూ తిరిగారు. పైగా టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం. ఇండియాలో ఉండగానే ఈ రెండు పనులూ ముగించుకోండి. బీకాం, బీఎస్సీ లాంటి మూడేళ్ళ డిగ్రీవాళ్ళు ఇంకో సంగతి ముందే తెలుసుకోవాలి: చాలా యూనివర్సిటీలు దాన్ని ఇక్కడి నాలుగేళ్ళ డిగ్రీతో సమానంగా చూడవు. ఆ తక్కువ పడ్డ క్రెడిట్లు పూడ్చుకోవడానికీ కమ్యూనిటీ కాలేజీయే చవక. టెక్సాస్ కాలేజీలు అడిగే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా మాత్రం 22 ఏళ్ళు నిండినవాళ్ళకి అక్కర్లేదు. వయసు మీదపడ్డందుకు నాకు దక్కిన లాభం అదొక్కటే.

నేను తీసుకున్నది స్టాటిస్టిక్స్, సాయంత్రం సెక్షన్. మొదటిరోజు ప్రొఫెసర్ లోపలికి రాగానే లేచి నిలబడ్డాను. నేనొక్కదాన్నే. ఆవిడ నవ్వి "కుర్చీ బాలేదా?" అంది. పక్కన పంతొమ్మిదేళ్ళ కుర్రాడు టీఐ-84 కాలిక్యులేటర్ మీద టకటకా నొక్కేస్తుంటే, లాగ్ టేబుల్స్ తిప్పిన చేతులు నావి. రెండో వారం ఆఫీస్ అవర్స్‌కి (సందేహాలు అడగడానికి ప్రొఫెసర్ కేటాయించే సమయం) వెళ్ళి ఆ మీటలన్నీ నేర్పించుకున్నాను. ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళడం తప్పు చేసి స్టాఫ్‌రూముకి వెళ్ళినట్టు కాదు. ఆవిడ ఆ గంట కేటాయించుకున్నదే మనకోసం.

మన దగ్గర ల్యాబ్ రికార్డు పక్కవాళ్ళది చూసి రాసుకోవడం మామూలే. ఇక్కడ ఆ పని చేస్తే సున్నా మార్కులతో పోదు, కాలేజీ రికార్డుల్లోకి ఎక్కుతుంది. క్లాసు ఆన్‌లైన్ చర్చలో రాసే డిస్కషన్ పోస్టులకీ అదే లెక్క.

క్లాసు నచ్చకపోతే మానేసి ఫీజు కొంతైనా వెనక్కి తెచ్చుకునే గడువు తేదీలు మొదటి వారాల్లోనే ఉంటాయి, వాటిని ముందే ఫోన్‌లో పెట్టుకోండి. అవి దాటాక మానేస్తే ట్రాన్‌స్క్రిప్టులో 'డబ్ల్యూ' (మధ్యలో మానేశారనే గుర్తు) పడుతుంది, డబ్బూ పోతుంది. ఫాల్ క్లాసులు ఆగస్టు చివర్లో మొదలవుతాయి. పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకుని, వాళ్ళకి అన్నం పెట్టి వెళ్ళగలిగే సాయంత్రం సెక్షన్లే ముందు నిండిపోతాయి, వేసవిలోనే పేరు రాయించుకోండి.