దోస్తు మెసేజ్ గ్రూపుల కొట్టుకపోకుండ

మా దోస్తుల వాట్సాప్ గ్రూపుల పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ పూలే. దేవరకొండ దిక్కు దోస్తు ఒకడు "బోరు ఎండింది, బత్తాయి తోట వాడిపోతుంది" అని పెట్టిండు. తర్వాత అడుగుదామనుకొని మర్చేపోయిన. నాలుగు రోజులకు వెతికితే దొరకలే, సిగ్గనిపించింది.

ఇప్పుడు అసొంటి మెసేజ్ కనవడంగనే వేలు అదిమి పట్టి స్టార్ గుర్తు నొక్కుత. ఆదివారం చాయ్ తాగుకుంట వాట్సాప్ల పైన మూడు చుక్కలు నొక్కి, స్టార్ పెట్టినవన్ని తెరుస్త. ఒక్కొక్కరికి ఫోన్ కొట్టి, మాట్లాడినంక స్టార్ తీసేస్త. స్టార్ పెట్టినట్టు వాళ్లకు తెల్వదు.

చాట్ క్లియర్ చేసేటప్పుడు మాత్రం స్టార్ మెసేజులను కూడ తుడిచే టిక్కు ఉంటది, అది తీసెయ్యాలె. ఇగ దవాఖాన, రక్తం మాటైతే ఆదివారం దాక ఆగొద్దు, అప్పుడే ఫోన్ చెయ్యుండ్రి.