కుక్క అదేపనిగా మొరుగుతుంటే ఏం చేయాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో చంటి అని ఒక కుక్క ఉంది. అది మొరిగితే అమ్మ "ఊరుకోవే" అంటుంది, నాన్న "ఏయ్" అంటారు, ఒడియా బడిలో చదివే మేనల్లుడు "చుప్" అంటాడు. ముగ్గురూ కలిసి అరిచేసరికి దానికి మరింత హుషారొచ్చేది. ఇంటిల్లిపాదీ తనకి తోడుగా మొరుగుతున్నారనుకునేదేమో! కాబట్టి ముందుగా, కుక్క మీద అరవడం మానేయండి.

తర్వాత ఒక కాగితం తీసుకుని నాలుగు రోజులు రాయండి: ఎప్పుడు మొరిగింది, దేన్ని చూసి మొరిగింది, ఏం జరిగాక ఆగింది. మందు ఈ మూడో ప్రశ్నలోనే ఉంటుంది. చంటి మొరుగుళ్లలో ఎక్కువ భాగం గేటు దగ్గరే. పాలాయన వస్తాడు, అది మొరుగుతుంది, ఆయన వెళ్లిపోతాడు. ఆయన ఎలాగూ వెళ్లేవాడే, కానీ తనే తరిమానని దాని లెక్క. రోజూ గెలుస్తున్న పని ఏ కుక్కా మానదు. అందుకని గేటు గ్రిల్లుకి కింద సగం చాప కట్టేశాం. వీధి కనబడకపోయేసరికి సగం గోల తగ్గింది.

మిగతా సగానికి ఒక మాట నేర్పాలి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. రెండు భాషలు నడిచే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. మేం "చాలు" అనుకున్నాం. కుక్క రెండు మూడు సార్లు మొరిగాక మామూలు గొంతుతో "చాలు" అని, ఉప్పూ ఉల్లిపాయా వేయకుండా ఉడికించిన, ఎముక లేని కోడిమాంసం ముక్క ముక్కు దగ్గర పెట్టండి (ఉల్లిపాయ కుక్కలకు విషం, కూరలోంచి తీసి పెట్టకండి). వాసన చూడ్డానికి నోరు మూస్తుంది. రెండు సెకన్లు ఆగి ముక్క ఇవ్వండి. మర్నాడు ఐదు సెకన్లు, ఆ తర్వాత పది. పూటకి ఐదు నిమిషాలు చాలు.

తిండి కోసమో, ఆట కోసమో మీ మొహంలోకి చూస్తూ మొరిగితే మాత్రం అటు తిరిగి కూర్చోండి. మొదటి రోజుల్లో గోల ఇంకా పెరుగుతుంది. నాలుగో రోజు విసుగొచ్చి బిస్కెట్ పడేశారా, నాలుగు రోజులు మొరిగితే బిస్కెట్ వస్తుందని నేర్పినట్టే.

పగలంతా గొలుసుతో కట్టేసిన కుక్క మొరగక ఏం చేస్తుంది? ఎండెక్కకముందే మహేంద్రతనయ నది ఒడ్డుకి అరగంట తీసుకెళ్లి, తీరిగ్గా వాసనలు చూడనివ్వండి. ఇంటి దగ్గర పాత తువ్వాల్లో తిండి చుట్టి ఇస్తే వెతుక్కుంటూ కూర్చుంటుంది. గుణుపురం రైలు కూతకి ఊళ వేస్తే వదిలేయండి, రైలు పోగానే అదే ఆపుతుంది. రాత్రి వీధికుక్కలకు జవాబిచ్చే అలవాటుంటే ఇంట్లో పడుకోబెట్టండి.

దీపావళి టపాసులకి మొరిగేది భయంతో. తలుపులు మూసి, ఫ్యాన్ వేసి, పక్కన కూర్చోండి. దగ్గరకి తీసుకుంటే భయం ముదురుతుందనే మాట నమ్మకండి.

"మొరిగే కుక్క కరవదు" అనే సామెతనీ నమ్మకండి. ఉన్నట్టుండి మొరుగుడు పెరిగితే ఏదో నొప్పి కావచ్చు, పశువుల డాక్టరుకి చూపించండి. గొంతు మారిపోయి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే అది పిచ్చికుక్క వ్యాధి కావచ్చు. ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టకండి, దూరంగా ఉండి డాక్టరుని పిలిపించండి. కరిచినా గీరినా పుండుని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి.