ఎఫ్‌సీఓఈ నెట్‌వర్క్‌లో లాగిన్లు చూసుకుని జోనింగ్ చేయడం ఎలా?

కర్నూలులో ఆస్పత్రి సర్వర్ రూమ్ కానివ్వండి, అనంతపురంలో ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ కానివ్వండి, ఎఫ్‌సీఓఈ (ఫైబర్ ఛానెల్ స్టోరేజ్ రాకపోకలను ఈథర్‌నెట్ మీద నడిపే పద్ధతి) నెట్‌వర్క్‌లో కొత్త సర్వర్ బిగించాక వచ్చే ఫిర్యాదు ఒకటే: స్టోరేజ్ కనబడడం లేదు. వెంటనే అందరూ జోనింగ్ (ఏ సర్వర్ ఏ స్టోరేజ్‌ను చూడొచ్చో స్విచ్‌లో రాయడం) మీద పడతారు. సర్వర్ అసలు ఫ్యాబ్రిక్‌లో (సర్వర్లను, స్టోరేజ్‌ను కలిపే స్విచ్‌ల వలలో) లాగిన్ కాకపోతే జోన్ ఎన్నిసార్లు రాసినా దండగే. అందుకే ముందు లాగిన్ సంగతి తేల్చండి. కింద చెప్పే ఆదేశాలు సిస్కో నెక్సస్ స్విచ్‌లవి. వేరే కంపెనీ స్విచ్‌లో పేర్లు మారినా వరస ఇదే.

1. దారి వేయడం

ఒకదానితో ఒకటి కలవని రెండు ఫ్యాబ్రిక్‌లు పెట్టుకోండి: 'ఏ' వైపు వీశాన్ (స్టోరేజ్ నెట్‌వర్క్‌లో విడగొట్టిన భాగం) 10కి వీలాన్ (ఈథర్‌నెట్‌లో అలాంటి భాగం) 110, 'బీ' వైపు వీశాన్ 20కి వీలాన్ 120. రెండు స్విచ్‌ల్లోనూ ఒకే నంబరు వాడితే, రేపు ఎవరైనా పొరపాటున రెండింటినీ కేబుల్‌తో కలిపిన రోజు ఫ్యాబ్రిక్‌లు కలిసిపోతాయి.

సర్వర్ ఉన్న ఈథర్‌నెట్ పోర్టును ట్రంక్ (ఒకటికి మించి వీలాన్లు మోసే పోర్టు) చేసి, దానికి వీఎఫ్‌సీ (వర్చువల్ ఫైబర్ ఛానెల్) ఇంటర్‌ఫేస్‌ను బైండ్ చేసి, వీశాన్‌లో చేర్చండి. ఎఫ్‌సీఓఈ వీలాన్‌ను మాత్రం నేటివ్ వీలాన్‌గా (ట్యాగ్, అంటే వీలాన్ నంబరు లేని ఫ్రేములు వెళ్లేదానిగా) పెట్టకండి. సర్వర్ కార్డు 'ఎఫ్‌సీఓఈ ఏ వీలాన్‌లో ఉంది' అని అడిగే ఫిప్ (ఎఫ్‌సీఓఈని మొదలుపెట్టే ప్రోటోకాల్) సందేశం ట్యాగ్ లేకుండా నేటివ్ వీలాన్‌లోనే వస్తుంది. ఆ తరవాతి స్టోరేజ్ రాకపోకలు ట్యాగ్‌తో వేరే వీలాన్‌లో నడవాలి.

2. లాగిన్ చూడడం

'షో ఫ్లోగీ డేటాబేస్' కొట్టండి (ఫ్లోగీ అంటే ఫ్యాబ్రిక్ లాగిన్). సర్వర్ డబ్ల్యూడబ్ల్యూపీఎన్ (పోర్టుకుండే ప్రత్యేక నంబరు) పక్కన ఎఫ్‌సీఐడీ (ఫ్యాబ్రిక్ ఇచ్చే చిరునామా) కనబడితే లాగిన్ అయినట్టే. కనబడకపోతే ఈ వరసలో వెతకండి.

వీఎఫ్‌సీ డౌన్‌లో ఉంటే ముందు పీఎఫ్‌సీ (ఒక్కో ప్రయారిటీ ట్రాఫిక్‌ను విడిగా కాసేపు ఆపే ఏర్పాటు) చూడండి. ఎఫ్‌సీఓఈలో ఫ్రేము పోకూడదు కాబట్టి, ఆ క్లాసు ట్రాఫిక్‌ను ఆపే ఏర్పాటుకు కార్డు, స్విచ్ రెండూ ఒప్పుకోవాలి. మామూలుగా అది ప్రయారిటీ 3, ఆ క్లాసు ఎంటీయూ (ఫ్రేము గరిష్ఠ సైజు) 2158. క్యూఓఎస్ పాలసీ (ఏ ట్రాఫిక్‌ను ఎలా చూడాలో చెప్పే నియమాలు) మరిచిపోవడమే ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. పోర్టు పైకి వచ్చినా లాగిన్ లేకపోతే ప్యాకెట్ క్యాప్చర్ పెట్టండి. ఫిప్‌ది ఈథర్‌టైప్ 8914, అసలు ఎఫ్‌సీఓఈది 8906. మొదటిదే తిరుగుతూ రెండోది లేదంటే లాగిన్ మధ్యలోనే ఆగింది.

తరవాత 'షో ఎఫ్‌సీఎన్‌ఎస్ డేటాబేస్', అంటే ఫ్యాబ్రిక్‌లో ఎవరెవరు ఉన్నారో చెప్పే నేమ్ సర్వర్ పట్టిక. సర్వర్ ఇనిషియేటర్‌గా (డేటా అడిగేదిగా), స్టోరేజ్ టార్గెట్‌గా (ఇచ్చేదిగా) నమోదై ఉండాలి. ఫ్లోగీలో ఉండి ఇక్కడ రకం ఖాళీగా ఉంటే సర్వర్‌లో డ్రైవర్ చూడండి, స్విచ్‌ను వదిలేయండి. స్విచ్ ఎన్‌పీవీ మోడ్‌లో (లాగిన్లను తను తీసుకోకుండా పై స్విచ్‌కు పంపే పద్ధతిలో) ఉంటే మాత్రం ఈ పట్టికలు పైనున్న కోర్ స్విచ్‌లో చూడాలి. అక్కడ ఎన్‌పీఐవీ (ఒకే పోర్టు మీద చాలా లాగిన్లను ఒప్పుకోవడం) ఆన్‌లో ఉండాలి.

3. జోన్ రాయడం

ఒక జోన్‌లో ఒకే సర్వర్ పోర్టు, దానికి కావలసిన స్టోరేజ్ పోర్టులు. నాలుగు సర్వర్లను ఒకే జోన్‌లో కుక్కితే పని నడుస్తుంది గానీ, ఒకటి రీబూట్ అయినప్పుడల్లా మిగతా వాటికీ మార్పు నోటీసు పోతుంది. డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌ను ఫ్లోగీ పట్టిక నుంచే కాపీ చేయండి, కార్డు మీది స్టిక్కర్ చూసి టైపు చేయకండి. డబ్ల్యూడబ్ల్యూపీఎన్ పక్కనే ఉండే నోడ్ పేరును వేసి గంటలు పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఇక అసలు ప్రమాదం. జోన్‌సెట్ (జోన్ల గుంపు) ఒక వీశాన్‌కు ఒక్కటే యాక్టివ్‌గా ఉంటుంది. కొత్త జోన్ కోసం కొత్త జోన్‌సెట్ తయారుచేసి యాక్టివేట్ చేశారనుకోండి, పాతది పక్కకు పోతుంది. నడుస్తున్న సర్వర్లన్నీ డిస్కులు పోగొట్టుకుంటాయి. కాబట్టి 'షో జోన్‌సెట్ యాక్టివ్'లో ఇప్పుడున్న పేరు చూసి, దానిలోనే కొత్త జోన్ చేర్చి, యాక్టివేట్ చేయండి. యాక్టివేట్ చేసేదాకా మీరు రాసింది అమల్లోకి రాదు. ఎన్‌హాన్స్‌డ్ జోనింగ్ అయితే కమిట్ కూడా ఇవ్వాలి.

మళ్లీ అదే షో ఆదేశం కొట్టండి. సభ్యుడి ముందు నక్షత్రం గుర్తు ఉంటే వాడు లాగిన్‌లో ఉన్నాడు. లేకపోతే నంబరు తప్పు, లేదా కేబుల్ ఊడింది. బీ వైపు కూడా ఇదంతా చేశాకే, స్టోరేజ్‌లో ఆ సర్వర్ పేరు మీద లూన్ (స్టోరేజ్ సర్వర్‌కు డిస్కుగా ఇచ్చే భాగం) కేటాయించండి. జోన్ దారి తెరుస్తుంది, డిస్కు ఇవ్వదు.

4. సేవ్, కరెంటు, కార్డు మార్పు

కాన్ఫిగరేషన్‌ను స్టార్టప్‌లోకి కాపీ చేయండి. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, సేవ్ చేయని మార్పులు పోతాయి. మళ్లీ ఆన్ చేసేటప్పుడు ముందు స్విచ్‌లు, తరవాత స్టోరేజ్, ఆఖరున సర్వర్లు.

కార్డు పాడై బెంగళూరు నుంచి కొత్తది తెప్పించి వేశారంటే, డబ్ల్యూడబ్ల్యూపీఎన్ మారుతుంది. జోన్‌లో కొత్త నంబరు చేర్చి పాతది తీసేయండి, స్టోరేజ్‌లోని హోస్ట్ పేరు కిందా మార్చండి. రెండోది మరిచిపోతే స్విచ్‌లో అంతా పచ్చగా కనబడుతుంది, సర్వర్‌కు డిస్కు మాత్రం రాదు.