ఉక్కు గోడలో బ్లో హోల్స్, జారిపోయే చివరలు: వైర్ ఆర్క్ ప్రింటింగ్‌లో సమస్యలు - పరిష్కారాలు

మిగ్ వెల్డింగ్ (కరెంటు ఆర్క్‌తో తీగను కరిగించి అతికే పద్ధతి) టార్చ్‌ను రోబోకు బిగించి, బీడ్ (కరిగిన తీగ గట్టిపడిన గీత) మీద బీడ్ పేర్చుకుంటూ వస్తువు తయారుచేయడమే వైర్ ఆర్క్ ప్రింటింగ్. ఆర్క్‌తో లోహాన్ని పొరలుగా పేర్చే పద్ధతికి అమెరికాలో 1925లోనే పేటెంట్ వచ్చింది. అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో దీని మీదే రీసెర్చ్ చేస్తున్నాను. కొత్త స్కాలర్లు పదేపదే అడిగేవి ఇక్కడ రాస్తున్నాను. అంకెలన్నీ 1.2 మి.మీ. ఈఆర్70ఎస్-6 రకం ఉక్కు వైరుకు, కరిగిన లోహానికి గాలి తగలకుండా వదిలే 80 శాతం ఆర్గాన్, 20 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్‌కు.

సమస్య: కింది పొరలు బాగున్నాయి, పైన బ్లో హోల్స్

మమ్మల్ని బాగా ఏడిపించింది ఇదే. పోయిన ఆషాఢంలో ప్రింట్ చేసిన ఒక గోడను అడ్డంగా కోసి, ఎమరీ పేపర్ మీద రుద్ది చూశాం. కింది పది పొరలు అద్దంలా ఉన్నాయి. ఆ పైన ఆవగింజంత గుంటలు (ఇవే బ్లో హోల్స్), అవీ కిటికీ వైపే ఎక్కువ.

ఇలాంటప్పుడు అందరి చేయీ ముందు వోల్టేజ్ నాబ్ మీదికే పోతుంది. దయచేసి దాన్ని ముట్టుకోకండి, ముందు గ్యాస్ సంగతి చూడండి.

కారణం: ఉరవకొండ వైపు గాలిమరలను తిప్పే గాలే మన కిటికీల్లోంచీ వస్తుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగం ఉంటే చాలు, ఆర్క్ చుట్టూ ఉన్న గ్యాస్ చెదిరిపోతుంది. అప్పుడు గాలిలోని నైట్రోజన్ కరిగిన లోహంలోకి చేరి, లోహం గట్టిపడేటప్పుడు బుడగలుగా చిక్కుకుపోతుంది. మరి కింది పొరలు ఎలా బాగున్నాయి? గోడ కింద ఆధారంగా పెట్టే ప్లేటు మీద గ్యాస్ పరుచుకుని నిలుస్తుంది. గోడ లేచాక సన్నటి అంచు మీద నిలవలేక రెండు పక్కలా జారిపోతుంది.

పరిష్కారం: ఫ్యాన్ ఆపండి. మే నెలలో మన ఊళ్లో అది ఎంత కష్టమో తెలుసు, అయినా తప్పదు. పొగ లాగే ఎగ్జాస్ట్‌ను మాత్రం ఆపకండి. కిటికీ వైపు వెల్డింగ్ కర్టెన్ కట్టండి. గ్యాస్ నిమిషానికి 15-18 లీటర్లు రావాలి. రెగ్యులేటర్ చూసి నమ్మకుండా నాజిల్ మూతి దగ్గరే కొలవండి. తేడా ఉంటే పైపు జాయింట్లకు సబ్బునీళ్లు రాసి లీకు పట్టుకోండి. నాజిల్‌లో అతుక్కున్న స్పాటర్ (చిమ్మిన లోహపు చుక్కలు) గీకేయండి. గ్యాస్‌ను 30 దాకా తిప్పితే మాత్రం సుడులు తిరిగి బయటి గాలిని తనే లోపలికి లాగుతుంది.

సమస్య: గోడ పైకి పోయేకొద్దీ వెడల్పై, చివరలు జారుతున్నాయి

మొదట్లో వేడిని ప్లేటు తాగేస్తుంది. ఎత్తు పెరిగాక వేడికి సన్నటి గోడ తప్ప దారి లేదు, అందుకే లోహం త్వరగా గట్టిపడదు. ప్రతి పొర తర్వాత 150 డిగ్రీలకు దిగేదాకా ఆగండి. అది థర్మోకపుల్‌తో (లోహానికి తాకించి వేడి కొలిచే తీగ) చూసుకోండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే లోహం మీద తక్కువ చూపించి మోసం చేస్తుంది. నేను అలా రెండు గోడలు పోగొట్టుకున్నాను.

ఆగిన ఆ కాసేపట్లో వైర్ బ్రష్ కొట్టండి. బీడ్ మీద గోధుమరంగు గాజు పెంకుల్లా కనిపించేవి వైరులోని సిలికాన్, మాంగనీసుల ఆక్సైడ్లు. వదిలేస్తే పై పొరలో ఇరుక్కుంటాయి.

సమస్య: ఒక చివర ఎత్తు, ఇంకో చివర పల్లం

ఆర్క్ మొదలైనచోట లోహం ఉబ్బుతుంది, ఆగినచోట గుంట పడుతుంది. ఒక పొర ఎడమ నుంచి, తర్వాతి పొర కుడి నుంచి వేయండి.

సమస్య: ప్లేటు మూలలు పైకి లేస్తున్నాయి

మందం ప్లేటు తీసుకుని నాలుగు పక్కలా క్లాంపులు బిగించండి. పూర్తిగా చల్లారేదాకా విప్పకండి.