మెదడు స్లైడు చదవడం – 3వ పాఠం: మైక్రోగ్లియా

గత పాఠంలో మెదడులోని నాడీకణాలకు తోడ్పడే రెండు రకాల కణాలను, అంటే ఆస్ట్రోసైట్‌ను దాని పెద్ద, పాలిపోయిన కేంద్రకాన్ని బట్టీ, ఒలిగోడెండ్రోసైట్‌ను దాని చుట్టూ ఉండే తెల్లని వలయాన్ని బట్టీ గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఆ వలయం కణజాలాన్ని నిల్వచేసే ప్రక్రియలో ఏర్పడేదే తప్ప సజీవమైన మెదడులో ఉండేది కాదని మరోసారి గుర్తుచేస్తున్నాను.

ఈ పాఠం మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా గురించి. హెమటాక్సిలిన్-ఇయోసిన్ రంగులద్దిన స్లైడులో మైక్రోగ్లియా దేహం దాదాపు కనిపించదు. సన్నగా, ముదురుగా, ఒక్కోసారి కామాలా వంగిన కేంద్రకం మాత్రమే కంటికి ఆనుతుంది. అయితే రక్తకేశనాళికల గోడల్లోని కేంద్రకాలు కూడా పొడవుగానే ఉంటాయి కనుక, కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పొడవైన కేంద్రకం కనిపించగానే దాన్ని ఆనుకుని నాళపు ఖాళీ గాని, ఎర్ర రక్తకణాలు గాని ఉన్నాయేమో ముందు చూడండి.

ఈ కణాల కొమ్మలను 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తెగా వెండి కార్బనేట్ పద్ధతితో స్పష్టంగా చూపించి, వీటిని ప్రత్యేకమైన రకంగా నిలబెట్టాడు. నేడు ఈ కణాల్లో ఉండే ఐబా1 అనే ప్రొటీనుకు అతుక్కునే యాంటీబాడీని వాడుతున్నారు. ఆరోగ్యంగా ఉన్న భాగంలో చిన్న దేహం, దాని నుంచి అన్నివైపులా చీలిన సన్నని కొమ్మలు కనిపిస్తాయి. వ్యాధి సోకిన చోట దేహం ఉబ్బి, కొమ్మలు పొట్టిగా, మందంగా మారతాయి. మొదటి రూపాన్ని 'విశ్రాంతి' అనే పాత అలవాటును వదిలేయమని నా మనవి. ఆ కొమ్మలు ఎడతెగకుండా కదులుతూ పరిసరాలను తడుముతుంటాయని బతికున్న ఎలుకల మెదడులో 2005లోనే చూశారు.

ఇప్పుడు అల్జీమర్స్ స్లైడుకు వద్దాం. అమిలాయిడ్ ఫలకం (కణాల మధ్య పేరుకున్న ప్రొటీను ముద్ద) చుట్టూ ఉబ్బిన మైక్రోగ్లియా ముసురుకుని ఉంటాయి. అది చూసి 'నష్టానికి కారణం ఇవే' అని రాసుకోకండి. మైక్రోగ్లియాలో పనిచేసే ట్రెమ్2 జన్యువులోని కొన్ని మార్పులు ఈ వ్యాధి ముప్పును పెంచుతాయని 2013లో తేలింది. ఆ జన్యువును తొలగించిన ఎలుకల్లో ఫలకాల చుట్టూ చేరే మైక్రోగ్లియా తగ్గిపోయాయి. కాబట్టి ఆ ముసురు కొంతవరకైనా కాపుదల కావచ్చు. మరోపక్క ఇవే కణాలు సైనాప్సులను (నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లను) మింగి హాని చేయడమూ ఎలుకల్లో కనిపించింది. రూపం కణంలో మార్పు వచ్చిందని చెబుతుందే గాని, ఆ మార్పు మేలుకో కీడుకో చెప్పదు.

అభ్యాసం: ఐబా1 స్లైడులో ఫలకాన్ని ఆనుకున్న ఐదు కణాలనూ, దానికి బాగా దూరంగా ఉన్న ఐదు కణాలనూ పెన్సిలుతో గీయండి. పేర్లు, వ్యాఖ్యలు బొమ్మలన్నీ పూర్తయ్యాకే రాయండి.