సబ్ రిజిస్ట్రార్ ఎదుట పెళ్లి: నోటీసు నుంచి సర్టిఫికెట్ దాకా

ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టకముందే, శుభలేఖలు అచ్చుకు ఇవ్వకముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కాలి. ఈ పెళ్లికి ముహూర్తం తేలేది అక్కడే.

మనవాళ్లు ‘రిజిస్టర్ మ్యారేజ్’ అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు పనులను పిలుస్తారు. ఇంట్లోనో గుళ్లోనో జరిగిపోయిన హిందూ పెళ్లిని హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించడం ఒకటి. అసలు పెళ్లే అధికారి ఎదుట జరగడం రెండోది. దీనికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఆధారం. మొదటిదానికి పెళ్లి ముందే ఆచారం ప్రకారం జరిగి ఉండాలి. తంతు ఏదీ లేకుండా సర్టిఫికెట్ ఒక్కటి చేతిలో ఉంటే హిందూ వివాహం అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. దండలు మార్చుకునే పెళ్లిని తమిళనాడు 1967లో ప్రత్యేక సవరణతో గుర్తించింది, మన రెండు రాష్ట్రాల్లో అలాంటి సవరణ లేదు. కాబట్టి మతాలు వేరైనవాళ్లూ, తంతు వద్దనుకుని దండలతో సరిపెట్టుకునేవాళ్లూ రెండో దారినే పట్టాలి.

ఇక తేదీ లెక్క. ఇద్దరూ సంతకం చేసిన నోటీసును మ్యారేజ్ ఆఫీసర్‌కు, అంటే సబ్ రిజిస్ట్రార్‌కు, ఇస్తారు. ఆయన దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేచోట అంటిస్తారు. అంటించిన రోజు నుంచి 30 రోజులు గడవాలి. ఇచ్చిన రోజు నుంచి లెక్కపెట్టి బోల్తాపడేవాళ్లు చాలామంది. గడువు చివర మాత్రం నోటీసు ఇచ్చిన రోజు నుంచే లెక్క: మూడు క్యాలెండర్ నెలల్లోపు పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లదు, మళ్లీ మొదటికి వస్తారు. జనవరి 5న నోటీసు ఇచ్చారు, 7న అంటించారు అనుకుందాం. ఫిబ్రవరి 7 నుంచి పెళ్లి చేసుకోవచ్చు, ఏప్రిల్ 5 దాటకూడదు. సెలవులు, అధికారి బదిలీ, సర్వర్ మొరాయించడం వంటివి ఉంటాయి కాబట్టి హాలు తేదీని నోటీసుకు కనీసం 45 రోజుల దూరంలో పెట్టుకోవడం మంచిది.

నోటీసు ఎక్కడ ఇవ్వాలన్నది తర్వాతి చిక్కు. ఇద్దరిలో ఒకరైనా అంతకుముందు 30 రోజులుగా ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. హైదరాబాద్ హాస్టల్లో ఉంటూ ఆధార్‌లో ఊరి చిరునామా ఉన్నవాళ్లు అద్దె ఒప్పందం లాంటి కాగితం ముందే సిద్ధం చేసుకోవాలి. శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే నోటీసు ప్రతి అక్కడి ఆఫీసుకూ వెళ్తుంది, అక్కడి గోడ మీదా పడుతుంది. ఇంట్లో తెలియకుండా చేసుకుంటున్నవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకునే అడుగు వేయాలి. మూడు వారాల సెలవు మీద వచ్చే ఎన్నారైలకు ఈ లెక్క సరిపోదు. వాళ్లు నోటీసుకోసారి, పెళ్లికోసారి వచ్చేలా చూసుకోవాలి. లేదా ఒకరైనా భారత పౌరులైతే 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద తామున్న దేశంలోని భారత దౌత్య కార్యాలయాన్ని అడగవచ్చు.

నోటీసు చూసి ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కానీ చట్టం పెట్టిన షరతుల మీదే చెప్పాలి: వరుడికి 21, వధువుకు 18 నిండకపోవడం, ఎవరికైనా అప్పటికే భార్యో భర్తో ఉండటం, మతిస్థిమితం లేక సమ్మతి ఇవ్వలేకపోవడం, నిషిద్ధ బంధుత్వం. కులం, మతం, పెద్దలకు ఇష్టం లేకపోవడం కారణాలు కానే కావు. అభ్యంతరం వస్తే అధికారి 30 రోజుల్లో విచారించి తేల్చాలి. ఆయన దాన్ని సమర్థిస్తే జిల్లా కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. బెదిరింపులుంటే ఆలస్యం చేయకుండా పోలీసు రక్షణ కోరండి. ఇలాంటి జంటల భద్రతకు ఏం చేయాలో సుప్రీంకోర్టు 2018లోనే ఆదేశాలిచ్చింది.

నిషిద్ధ బంధుత్వం దగ్గర తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మేనమామ, మేనత్త కొడుకు, మేనమామ కొడుకు మనకు వరసైనవాళ్లే. ఈ చట్టం జాబితాలో మాత్రం వాళ్లంతా నిషిద్ధులు. ఆచారానికి మినహాయింపు ఉంది కానీ, ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలి. ఇద్దరూ హిందువులై మేనరికం చేసుకుంటుంటే ఆచారం ప్రకారం పెళ్లి చేసుకుని, హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవడమే సుఖం.

కాగితాల్లో పదో తరగతి మెమో, ఆధార్, చిరునామా రుజువు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఉండాలి. విడాకులైతే డిక్రీ సర్టిఫైడ్ కాపీ, జీవిత భాగస్వామి పోయినవాళ్లయితే మరణ ధ్రువపత్రం జతచేయాలి. ఎక్కువ దెబ్బతీసేది ఇంటిపేరు. మెమోలో పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో పేరు వెనక్కి వెళ్లి కనిపిస్తుంది. నోటీసు రాసేముందే మూడింటినీ పక్కపక్కన పెట్టుకోండి. వీసా అవసరం పడేవాళ్లు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించుకోవాలి. ఫీజు ఆఫీసులోనే కనుక్కుని కట్టి రసీదు తీసుకోండి, బయట తిరిగే బ్రోకర్ల అవసరం లేదు.

పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు గుర్తింపు కార్డులతో రావాలి. నాలుగో మనిషిని కూడా సిద్ధంగా ఉంచండి, ట్రాఫిక్‌లో ఒక్కరు చిక్కుకున్నా పని ఆగిపోతుంది. ముందు వధూవరులూ సాక్షులూ ప్రకటన పత్రం మీద సంతకాలు చేస్తారు. తర్వాత ఏ పద్ధతిలోనైనా పెళ్లి చేసుకోవచ్చు: దండలు, ఉంగరాలు, తాళి, ఏదీ లేకపోయినా సరే. తప్పనిసరైనవి మాటలే. అధికారి, సాక్షులు వింటుండగా ఒకరితో ఒకరు, తమకు అర్థమయ్యే భాషలో, ‘నేను ఫలానా, ఫలానా అయిన నిన్ను చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను’ అనాలి. ఆమె ‘భర్తగా’ అంటుంది. తెలుగులోనే, గట్టిగా, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ చెప్పండి. ఈ పెళ్లికి మంత్రం అదే.

ఆఫీసులో వద్దనుకుంటే, సమంజసమైన దూరంలో ఉన్న చోటికి అధికారిని పిలవవచ్చు. అదనపు ఫీజు ఉంటుంది, ముందుగానే అడిగి పెట్టుకోవాలి. తెల్లవారుజాము లగ్నానికి ఆయన వస్తారని లెక్క వేసుకోకండి. పగటిపూట సమయం ఖరారు చేసుకుని, సంతకాలకు గట్టి బల్ల, మంచి వెలుతురు, రెండు పెన్నులు, ముందు వరసలో సాక్షులకు కుర్చీలు ఏర్పాటు చేయండి. మైకు ఒకటుంటే ఆ మాటలు చివరి వరసకీ వినిపిస్తాయి. మతపరమైన తంతు కూడా కావాలనుకుంటే దాన్ని దీని తర్వాత పెట్టుకోండి. ముందు పెట్టుకుంటే అప్పటికే పెళ్లయినట్టా కాదా అన్న ప్రశ్న అధికారి ముందు తలెత్తుతుంది.

ఆస్తి సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. ఇద్దరూ హిందువులైతే వారసత్వంలో మార్పేమీ లేదు. ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవులో ముస్లిములో అయితే 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది, ఆ హిందువు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క.

చివరగా వివాహ ధ్రువపత్రం మీద వధూవరులు, సాక్షులు సంతకం చేస్తారు. పెన్ను పెట్టేముందు పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల పేర్లు అక్షరం అక్షరం చదవండి. అప్పుడైతే నిమిషంలో దిద్దుతారు, తర్వాతైతే నెలలు తిరగాలి. సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు అదనంగా తీసుకోండి. విదేశాలకు వెళ్లేవాళ్లకు ఆ దేశాన్ని బట్టి విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని తెలిపే ధ్రువీకరణ) కూడా కావాల్సి వస్తుంది.